మూడు నిమిషాల పాట... తొంభై నిమిషాల ఆట!

సినిమా పిచ్చి సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. మొదటి రోజు మొదటి ఆట చూడకపోతే అన్నం సయించని వాళ్ళు మన పాఠకుల్లోనే బోలెడంత మంది వున్నారు. క్రికెట్ పిచ్చి సంగతి సరే సరి. మరి జాజ్ రికార్డుల పిచ్చీ, ఫుట్‌బాల్ పిచ్చీ రెండూ కలిసి ఒకే మనిషికి పడితే? అదీ న్యూయార్కులోనో లండన్‌లోనో కాదు, మన ఏలూరు జిల్లా కామవరపుకోటలో!

"భలేవారే, మెట్ట ఊళ్ళో జాజ్ ఏమిటండీ!" అని నవ్వకండి. అలాంటి కుర్రాడొకడు వున్నాడనే అనుకుందాం. పొద్దున్నే పేపరు అందుకుని ఆటల పేజీ తీస్తాడు. క్రికెట్ వార్తల కింద, ఎక్కడో మూల, అగ్గిపెట్టంత జాగాలో వుండే ఫుట్‌బాల్ స్కోరు వెతుక్కుంటాడు. ఇంగ్లండు లీగు మ్యాచ్‌లు మనకి రాత్రి పొద్దుపోయాక వస్తాయి కనక నిద్ర కరువు. "ఎవరో పరాయి దేశం వాళ్ళు బంతి తన్నుకుంటే నీకెందుకురా ఈ జాగారం?" అని వాళ్ళమ్మ కేకలేస్తుంది. ఏలూరు వెళ్ళాడా, పాత సామాన్ల కొట్టు కనిపిస్తే చాలు, కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. నల్లటి గ్రామఫోను పళ్ళెం ఒకటి దొరికితే ముందు దుమ్ము దులిపి మధ్యనున్న కాగితం చదువుతాడు. ఏ పాట అని కాదు, వాయించింది ఎవరూ అని!

చూడ్డానికి ఈ రెండు పిచ్చిలకీ సంబంధం లేనట్టుంటుంది. ఒకటి చెవికీ, రెండోది కంటికీ. కానీ దగ్గరికెళ్ళి చూస్తే రెండూ ఒక తల్లి పిల్లలే. జాజ్ వాద్యగాడు ఇవాళ వాయించిన ముక్క రేపు అలాగే వాయించడు. ఫుట్‌బాల్ ఆటగాడు ఇవాళ వేసిన గోలు రేపు అలాగే వెయ్యలేడు. అప్పటికప్పుడు పుట్టి, అప్పటికప్పుడే గాలిలో కలిసిపోయే వ్యవహారాలివి. ఎవరో ఒకరు పట్టుకుని దాచకపోతే ఇక అంతే సంగతులు!

మన లక్క - వాళ్ళ జాజ్

ముందు రికార్డు సంగతి చూద్దాం. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత రికార్డు దేనితో చేసేవాళ్ళో తెలుసా? లక్కతో! చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు చేసే లక్కే. దానికి రాతిపొడీ, మసీ కలిపి అచ్చు పోసేవాళ్ళు. ఆ రోజుల్లో ప్రపంచానికి లక్క పంపించే దేశాల్లో పెద్దది మనదే. అంటే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1925 నించి 1928 దాకా తన 'హాట్ ఫైవ్' బృందంతో ట్రంపెట్ ఊది ప్రపంచాన్ని వూపేసిన ఆ రికార్డుల్లో మన అడవుల లక్క కూడా కాస్తో కూస్తో వుండి వుంటుందన్నమాట! జాజ్ మనది కాదనే వాళ్ళకి ఈ ముక్క చెప్పండి.

పదంగుళాల రికార్డు మీద ఒక వైపున పట్టేది సుమారు మూడు నిమిషాలు. అంతే! ఆ మూడు నిమిషాల్లోనే ఎత్తుకోవాలి, తన సత్తా చూపించాలి, ముగించాలి. మన పాత సినిమా పాటలు మూడు మూడున్నర నిమిషాలకి అలవాటు పడడానికి కూడా ఈ రికార్డు కొలతే పెద్ద కారణం. 1948లో అమెరికాలో ఎల్.పి. రికార్డు వచ్చాక గానీ వాద్యగాళ్ళకి కాళ్ళు చాపుకునే జాగా దొరకలేదు.

మన దేశంలో రికార్డులు అచ్చుపోసే ఫ్యాక్టరీ మొదట 1908లో కలకత్తా సియాల్దాలో పెట్టారు. తర్వాత 1928లో డమ్‌డమ్‌లో పెద్దది కట్టారు. కుక్క బొమ్మ రికార్డులన్నీ అక్కణ్ణించి వూరూరికీ వెళ్ళినవే. మద్రాసులో పాత పుస్తకాలకీ పాత రికార్డులకీ మూర్ మార్కెట్ పెట్టింది పేరు. 1985లో అది అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఎన్ని పుస్తకాలు, ఎన్ని పాటలు బూడిదయ్యాయో ఎవరు లెక్కపెట్టగలరు?

తెలుగువాళ్ళలో ఈ రికార్డుల సేకరణకి మకుటం లేని మహారాజు వి.ఎ.కె. రంగారావు గారు. మద్రాసులో వుండి వేలకి వేలు 78 రికార్డులు పోగుచేశారు. సినిమా పాటల గురించి ఆయన రాసిన వ్యాసాలు చదివిన వాళ్ళకి తెలుసు: ఏ పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఏది ఎక్కణ్ణించి వచ్చింది అన్నీ నోటిలెక్క! ఆయన దాచకపోతే మనకి చాలా పాటల పేర్లే మిగిలేవి.

అట్ట వెనక ఏముంది?

జాజ్ రికార్డులు పోగుచేసే వాడికి ఒక వింత అలవాటు వుంటుంది. ఎల్.పి. చేతికి రాగానే ముందు వైపు బొమ్మ చూడడు. వెనక్కి తిప్పుతాడు! అక్కడ బృందంలో వున్న ప్రతి ఒక్కడి పేరూ, వాడు వాయించిన వాద్యం పేరూ వుంటాయి.

ఉదాహరణకి మైల్స్ డేవిస్ 1959లో తెచ్చిన 'కైండ్ ఆఫ్ బ్లూ' తీసుకోండి. జాజ్ ఎల్.పి.లలో అంత పేరున్నది ఇంకోటి లేదంటే తప్పులేదు. మార్చిలో ఒక రోజు, ఏప్రిల్‌లో ఒక రోజు... రెండు రోజుల్లో రికార్డింగు పూర్తి! మైల్స్‌తో కలిపి మొత్తం ఏడుగురు. పియానో దగ్గర బిల్ ఎవాన్స్. కానీ ఒకే ఒక్క ముక్కలో మాత్రం పియానో వాయించింది వింటన్ కెల్లీ. ఈ చిన్న తేడా అట్ట మీద అచ్చయింది కనక, ఇవాళ ప్రపంచంలో ఏ మూల కూర్చుని వినేవాడైనా "ఆహా, ఇది కెల్లీ చెయ్యి!" అని గుర్తుపట్టగలడు.

మరి మన సినిమా రికార్డులో? సినిమా పేరు, పాడినవాళ్ళ పేర్లు, సంగీత దర్శకుడి పేరు. అయిపోయింది! 1950లు, 60లలోని క్లబ్బు పాటలు గుర్తు చేసుకోండి. హీరో సిగరెట్టు వెలిగిస్తూ మెట్లు దిగుతుంటే వెనక ట్రంపెట్ గర్జిస్తుంది, శాక్సఫోను వయ్యారాలు పోతుంది, డ్రమ్ములు గుండెల్లో మోగుతాయి. అది వాయించిన మహానుభావుడెవరు? బొంబాయి స్టూడియోల్లో, మద్రాసు స్టూడియోల్లో గోవా వాళ్ళూ, ఆంగ్లో ఇండియన్లూ ఎందరో వుండేవాళ్ళు. రాత్రి హోటల్లో జాజ్ బ్యాండు, పగలు సినిమా రికార్డింగు! చిక్ చాకొలేట్ అనే పేరుతో బొంబాయిని వుర్రూతలూగించిన గోవా ట్రంపెటర్ హిందీ సంగీత దర్శకుడు సి. రామచంద్ర దగ్గర పనిచేశాడు కనక ఆయన పేరు నిలిచింది. మిగతా చాలామందికి ఆ అదృష్టం కూడా లేదు. పాట మన నోట్లో వుంది, వాయించినవాడి పేరు ఎక్కడా లేదు.

పాలకొల్లు నించి మైల్స్ డేవిస్ దాకా!

"జాజ్ అంటే గోల కదండీ" అనే పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో వుంటారు. వాళ్ళతో పోట్లాడకండి. ఒక్క మాట చెప్పండి: మన కచేరీలో విద్వాంసుడు రాగం ఆలాపన చేసి, స్వరకల్పన చేస్తాడే, దాన్ని మనోధర్మం అంటాం. జాజ్ ప్రాణం కూడా అదే. పాట ఒకటి చేతిలో వుంటుంది, తాళం కింద నడుస్తూ వుంటుంది. ఆ పైన ఎవరి మనసుకి తోచినట్టు వాళ్ళు అల్లుకుంటూ పోతారు. మళ్ళీ అందరూ కలిసి పాట దగ్గరికే వస్తారు.

1980లో వచ్చిన 'శంకరాభరణం' చూసిన వాళ్ళకి శంకరశాస్త్రి గారికీ, గిటార్లు పట్టుకున్న కుర్రాళ్ళకీ మధ్య జరిగిన ఘట్టం గుర్తుండే వుంటుంది. హాల్లో ఈలలే ఈలలు! ఆ తర్వాత మూడేళ్ళకి నిజంగానే ఒక తెలుగు కుర్రాడు ఆ రెండు లోకాల మధ్యా వంతెన వేశాడు. ఎక్కడివాడో తెలుసా? ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా, పాలకొల్లు!

ఆ కుర్రాడే మాండలిన్ శ్రీనివాస్. 1969లో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ తీసి వాయించడం మొదలెడితే, గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు తాను పాడి చూపించి దాన్ని తీగల మీద పలికించమనేవారు. తొమ్మిదేళ్ళకే 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్ళాడు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు! అరగంట వాయించమని పిలిస్తే, జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతూ దిగనివ్వలేదు, ఇంకో గంట వాయించాల్సి వచ్చింది. వాయించింది ఏమిటి? మన కర్ణాటక సంగీతమే! జాజ్ వినడానికి వచ్చిన చెవులకి మనోధర్మం పరాయిది అనిపించలేదు.

తర్వాత 1990ల చివర్లో ఆంగ్ల గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరాడు. ఈ మెక్లాఫ్లిన్ ఎవరనుకున్నారు? 1969లో మైల్స్ డేవిస్ రికార్డుల్లో గిటారు వాయించినవాడు! అంటే పాలకొల్లుకీ మైల్స్ డేవిస్‌కీ మధ్య వున్నది ఒక్క మనిషే! అట్ట వెనక పేర్లు చదివే అలవాటున్న వాడికి ఇలాంటి చుట్టరికాలు తగులుతాయి. శ్రీనివాస్ 2014లో నలభై అయిదేళ్ళకే కన్నుమూశాడు. ఆయన రికార్డింగులు మాత్రం వున్నాయి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినొచ్చు. అదే గొప్ప ఓదార్పు!

మరి ఆట మాటేమిటి?

ఇక్కడే మన ఫుట్‌బాల్ అభిమానికి గుండె కలుక్కుమంటుంది. జాజ్‌కి రికార్డు వుంది. మన ఫుట్‌బాల్‌కి ఏముంది?

హైదరాబాదు ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కి గుండెకాయ అంటే ఇవాళ్టి కుర్రాళ్ళు నమ్మరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి రోవర్స్ కప్పుని 1950 నించి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. ఒకటి కాదు, రెండు కాదు, అయిదు! ఆ జట్టు వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. అందరూ రహీం సాబ్ అనేవారు.

పంతులు గారి బుర్ర చూడండి. కుర్రాళ్ళు బంతిని కాళ్ళ దగ్గరే అట్టేపెట్టుకుని సొగసులు పోతుంటే, ఆయన బంతిని పట్టుకుని గింగిరాలు తిరక్కూడదనే షరతుతో పోటీలు పెట్టించాడు. అందితే వెంటనే పక్కవాడికి అందించాలి. కుడికాలు వాటం వాళ్ళు ఎడమకాలితోనే ఆడాలని ఇంకో రకం పోటీ. ఎవడి సోలో వాడిదే, కానీ పాట అందరిదీ... జాజ్ బృందానికి చెప్పే పాఠం ఇదే కదూ!

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో చిత్తయ్యారు. చాలామంది వట్టి కాళ్ళతో ఆడే రోజులవి. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్‌లో అదే రహీం జట్టు ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీ ఫైనల్ చేరింది! నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అంతకంటే పైకి ఎన్నడూ వెళ్ళలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్. రహీం సాబ్‌కి అప్పటికే క్యాన్సర్. స్టేడియం నిండా మనవాళ్ళని గేలి చేసే జనం. ఎదురుగా దక్షిణ కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, తలకి కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి... 2-1తో బంగారు పతకం మనది! మర్నాటి ఏడాదే, 1963 జూన్‌లో, రహీం సాబ్ వెళ్ళిపోయాడు.

ఆ జట్టులోనే మన సికిందరాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం వున్నాడు. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం... మూడు పేర్లూ కలిపి చెప్పేవాళ్ళు, మన ఘంటసాల - సుశీల అన్నట్టు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు కొట్టాడు. 1962లో అర్జున అవార్డు. 1963లో అనారోగ్యం వల్ల ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటికి వయసు ముప్పై కూడా లేదు!

ఈ కథంతా ఎట్టకేలకి వెండితెర మీదికి వచ్చింది. అజయ్ దేవగన్ రహీంగా నటించిన హిందీ చిత్రం 'మైదాన్' 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. ఎ.ఆర్. రెహమాన్ సంగీతం. ఆఖరి ఘట్టంలో మ్యాచ్ చూస్తుంటే కుర్చీ చివరికి జరగని వాడు లేడు. కానీ ఒక్క లెక్క చూడండి. బెనర్జీ, గోస్వామి ఇద్దరూ 2020లో పోయారు. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయాడు. సినిమా వచ్చేసరికి, తమ కథ తాము చూసుకోవడానికి ఆ ముగ్గురిలో ఒక్కరూ లేరు!

పోనీ ఆ రోవర్స్ మ్యాచ్‌లు మనమైనా చూద్దామా? ఎలా చూస్తాం? మన దేశంలో టీవీ మొదలైందే 1959లో, అదీ ఢిల్లీలో. న్యూస్ రీల్‌లో నాలుగు ముక్కలు కనిపిస్తే అదే మహాభాగ్యం. 1986లో మరడోనా ఇంగ్లండు మీద అరడజను మందిని తప్పించుకుంటూ వేసిన గోలు ఇవాళ ఏడేళ్ళ పిల్లాడు కూడా ఫోన్లో వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తాడు. మన పోలీసు జట్టు వేసిన గోళ్ళు? చూసినవాళ్ళ జ్ఞాపకాల్లో వున్నాయి. ఆ చూసినవాళ్ళు ఇంకా ఎంతమంది?

దక్కనివి ఎన్నో!

జాజ్ వాళ్ళకీ ఈ బాధ లేకపోలేదు. జాజ్‌కి ఆదిపురుషుడని చెప్పుకునే బడ్డీ బోల్డెన్ 1900 ప్రాంతంలో న్యూ ఆర్లియన్స్ నగరాన్ని తన వూదుడుతో కదిలించాడట. 'ట' అని ఎందుకన్నానంటే, ఆయన వూదిన ఒక్క స్వరం కూడా ఇవాళ వినడానికి దొరకదు. 1907లో మతి చలించి ఆసుపత్రిలో చేరాడు, 1931లో అక్కడే పోయాడు. మొట్టమొదటి జాజ్ రికార్డు వచ్చింది 1917లో!

అలాగే 1942లో అమెరికాలో వాద్యగాళ్ళ సంఘం రికార్డింగులు బంద్ చేసింది. యుద్ధం వల్ల లక్కకీ కరువే. ఆ బంద్ పూర్తిగా ముగిసేసరికి 1944 వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీలు 'బీబాప్' అనే కొత్త జాజ్‌ని పుట్టిస్తున్నారు! పురుడు జరిగింది, ఫోటో తియ్యలేదు అన్నట్టయింది.

మరి మనం? మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'. 1932. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం. దాని ప్రింటు ఇవాళ లేదు! తెలుగు సినిమా మొదట పలికిన పలుకు మనం వినలేం.

రాతి మీద కొయ్య

దీనికి మందు ఏమిటో కామవరపుకోట కుర్రాడు వూరు దాటి ఎక్కడికో వెళ్ళి తెలుసుకోనక్కర్లేదు. ఆ మండలంలోనే జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. రెండు వేల ఏళ్ళ పైనాటివి. అక్కడ గుండ్రటి చైత్యం లోపల నిలబడి తలెత్తి చూడండి. పైకప్పు రాయే, కానీ దాని మీద దూలాలూ వాసాలూ చెక్కి వుంటాయి! రాతికి వాసాలెందుకు? ఆ రోజుల్లో కొయ్యతో కట్టిన కప్పులు అలా వుండేవి కనక, శిల్పి అదే ఆకారాన్ని రాతిలో దించాడు. ఆ కొయ్య కట్టడాలు ఎప్పుడో పుచ్చిపోయాయి. వాటి రూపు మాత్రం రాతి మీద మిగిలింది. రికార్డంటే అదే కదా!

కాబట్టి నా మాట వినండి. ఇంట్లో అటక మీద పాత రికార్డులుంటే పాతసామాన్ల వాడికి కిలోల లెక్కన వెయ్యకండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే బరువుకి వంగిపోతాయి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ తగలనివ్వకండి. అంచులు పట్టుకుని తియ్యండి, గాడుల మీద వేలు పెట్టకండి. 78 రికార్డు మీద ఎల్.పి. ముల్లు ఆడించకండి, దాని గాడి వెడల్పు వేరు. లక్క రికార్డు చేయి జారితే గాజుగ్లాసులా భళ్ళుమంటుంది, జాగ్రత్త!

రికార్డులు లేవా? బాధలేదు. ఒక నోటుపుస్తకం చాలు. అమెరికా రేడియోలో విల్లిస్ కోనోవర్ అనే ఆయన 1955 నించి 1996లో పోయేదాకా రాత్రిళ్ళు జాజ్ వినిపించేవాడు. ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చినవాళ్ళకి కూడా అర్థమయ్యేలా నిదానంగా మాట్లాడేవాడు. షార్ట్‌వేవ్ బరబరల మధ్య చెవి పెట్టి, ఆయన చెప్పిన వాద్యగాళ్ళ పేర్లు కాగితం మీద రాసుకున్న వాళ్ళు దేశదేశాల్లో వున్నారు. మీకా బరబర బాధ కూడా లేదు. ఫోను నొక్కితే పాట పలుకుతుంది. కానీ ఫోను పాట వినిపిస్తుందే గానీ, వాయించినవాళ్ళ పేర్లు చాలాసార్లు చెప్పదు. అవి మీరే పట్టుకోవాలి.

ఈ ఆదివారం మీ వూరి గ్రౌండులో కుర్రాళ్ళు బంతి తంతుంటే, గోలు వేసినవాడి పేరుతో పాటు బంతి అందించినవాడి పేరు కూడా రాయండి. పక్కింటి తాతగారు ఒకప్పుడు పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయించారని విన్నారా? వెళ్ళి కూర్చోండి. ఏ పాట వాయించారు, పక్కన డ్రమ్ము ఎవరిది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నీ అడగండి. అడిగేవాళ్ళు లేకే ఆయన చెప్పడం లేదు. ఫోనులో రికార్డు చెయ్యండి, తేదీ వెయ్యండి.

అన్నట్టు, తాతగారి దగ్గరికి వెళ్ళేటప్పుడు కాస్త తీరిక చేసుకుని వెళ్ళండి. మూడు నిమిషాల్లో ముగించే ఘటం కాదాయన!